ఒడీల్ వంతు

మూరెన్ దారికి మంచి పేరు లేదు.

సముద్రం పక్కన, ఒకప్పుడు రొంపి తప్ప ఇంకేమీ లేని పల్లం అది. నీళ్లు తోడి కాలవల్లోకి మళ్లించి, దుంప పంట వేశారు. ఆ పల్లం నడిమధ్య నుంచి, పాత పంపుగది దగ్గర మొదలై వంతెన దాకా నాలుగు కిలోమీటర్ల కాంక్రీటు దారి. ఒక వంపు లేదు, ఒక చెట్టు లేదు. అటు కాలవ, ఇటు కాలవ, మధ్యలో రెల్లు. పగలు కొంగలూ సైకిళ్లూ తిరుగుతాయి. పొద్దుగూకితే... కొంగలు కూడా ఉండవు.

చీకటి పడ్డాక ఆ దారిన ఒంటరిగా తొక్కితే వెనక ఎవరో వస్తారట. తిరిగి చూస్తే ఉండరట. చూడకపోతే ఉంటారట.

ఆ వచ్చేవాడి పేరు ఒడీల్. ఆయన సంగతి చెబితే సైకిలు తొక్కనివాళ్లకి నవ్వొస్తుంది, తొక్కేవాళ్లకి ఒళ్లు జలదరిస్తుంది. ఎందుకంటే సైకిలంటే ప్రాణమిచ్చే ఈ ఫ్లాండర్స్ సీమలో హత్య చేసినవాణ్ణయినా క్షమిస్తారు గానీ, గాలికి ముందుకు రానివాణ్ణి క్షమించరు.

పద్ధతేమిటంటే, ఎదురుగాలిలో గుంపు ఒకరి వెనక ఒకరుగా పోతుంది. ముందున్నవాడు గాలి మోస్తాడు, వెనకవాళ్లు వాడి చాటున హాయిగా తొక్కుతారు. అలిసిపోయాడా, మోచెయ్యి పక్కకి ఒక్కసారి ఆడిస్తాడు. 'రా నాయనా, ఇక నీ వంతు' అని దానర్థం. నోటితో చెప్పరు. చెప్పడానికి ఊపిరి మిగిలితే కదా!

ఒడీల్ జన్మలో తన వంతు తీసుకోలేదట. ఒక రాత్రి ముందు తొక్కుతున్న తాగుబోతు తిన్నగా కాలవలోకి పోతే, వెనకే ఆయనా పోయాడట. తాగుబోతు ఈదుకుని గట్టెక్కాడు. ఒడీల్ మాత్రం... వాణ్ణి ముందు ఎక్కనిద్దాం అని ఆగాడో ఏమో, పైకి రాలేదు.

ఈ కథ కెఫేలో కమీల్ తాత చెప్పినప్పుడల్లా అందరికంటే గట్టిగా నవ్వేది ఫిర్మిన్.

ఫిర్మిన్ చెవిటి మిషన్లు అమ్ముతాడు. అతని సైకిలు బరువు ఆరున్నర కిలోలు, అతని బరువు ఎనభై తొమ్మిది. బరువు తగ్గాలనిపించినప్పుడల్లా సైకిలు మారుస్తాడు. పదమూడేళ్లుగా ప్రతి ఆదివారం సైకిలు క్లబ్బుతో వస్తున్నాడు. తన వంతు రాబోతోందనగా బూటు పట్టీ ఊడుతుంది, లేకపోతే కంట్లో పురుగు పడుతుంది. ఎప్పుడైనా తప్పించుకోలేక ముందుకొచ్చాడా, పది లెక్కపెట్టేలోపు మోచెయ్యి ఆడుతుంది. ఆ మోచేతికి క్లబ్బులో 'కోడిరెక్క' అని పేరు.

నవంబరు రెండో తారీఖు, చనిపోయినవాళ్లని తలుచుకునే రోజు. క్లబ్బువాళ్లు పదకొండుమందీ పొద్దున్నే సమాధుల మీద పూలు పెట్టి, మధ్యాహ్నం సైకిళ్లెక్కారు. తిరుగుదారిలో పంపుగది దగ్గరికొచ్చేసరికి వెలుగు పోతోంది. కెప్టెన్ రొసాన్ చెయ్యెత్తి అందర్నీ ఆపింది. ఆమెకి అరవై రెండేళ్లు. పిక్కలు రోకలిబండల్లా ఉంటాయి.

"ఫిర్మిన్, జెర్సీ విప్పు."

"ఇక్కడా అక్కా? చలి..."

"నీ ముక్కుకి గాలి తగిలి మూడేళ్లయింది. ఇవాళ కంట్లో ఏం పడిందిరా? ఏనుగా?"

అందరూ నవ్వారు. రొసాన్ నవ్వలేదు.

"ఒక్క అవకాశం ఇస్తా. మేం ముందు పోతాం. పావుగంట ఆగి నువ్వొక్కడివే రా. ఎదురుగాలి, నాలుగు కిలోమీటర్లు, ఎవరి చాటూ లేకుండా. వంతెన దగ్గర కెఫేలో ఉంటాం. వస్తే జెర్సీ నీది. లేదా, ఇచ్చెయ్. కారు మాత్రం పిలవకు."

"నేనెందుకు పిలుస్తానక్కా!"

"ఎక్కడానికి కాదులే. దాని చాటున తొక్కడానికి."

పసుపుపచ్చ జెర్సీ అది. వీపు మీద ఊళ్లో మాంసం కొట్టువాడి బొమ్మ, నవ్వుతున్న పంది. బయటివాళ్లకి అదొక జోకు. ఫిర్మిన్‌కి మాత్రం, పెళ్లాం వదిలి వెళ్లాక, వారంలో తనని పేరు పెట్టి తిట్టేది ఈ పదిమందే. ఆ పంది పోతే ఆదివారమే పోతుంది.

పదిమందీ వెళ్లిపోయారు. వాళ్ల ఎర్రదీపాలు చుక్కలై... ఆరిపోయాయి.

పావుగంట గడిచింది. చీకటి పడింది. ఫిర్మిన్ సైకిలెక్కాడు.

గాలి గుండెల మీద చెయ్యేసి వెనక్కి నెట్టింది. దీపం వెలుగు నాలుగు బారలు. కాంక్రీటు పలకల అతుకు దాటినప్పుడల్లా చక్రాలు చప్పుడు చేస్తున్నాయి, ముందుది ఒకటి, వెనకది ఒకటి. డబ్-డబ్. డబ్-డబ్.

ఒక కిలోమీటరు అయింది. డబ్-డబ్.

డబ్-డబ్... డబ్-డబ్.

నాలుగు.

ఫిర్మిన్ తొక్కడం ఆపి విన్నాడు. నాలుగే. చెవులు మోసం చేశాయనుకోవడానికీ లేదు, ఊళ్లో చెవులన్నీ పరీక్ష చేసేది తనే.

వెనక్కి చూశాడు. రెల్లు. చీకటి.

ముందుకి తిరిగాడు. డబ్-డబ్... డబ్-డబ్. ఈసారి ఊపిరి కూడా. తడిగా... గొంతులో నీళ్లు గుడగుడలాడుతున్నట్టు...

కాళ్లకి రోళ్లు కట్టినట్టయింది.

ప్రాణాల మీదికొస్తే ఎవరైనా దేవుణ్ణి తలుస్తారు. ఫిర్మిన్‌కి అంత తీరిక లేదు. పదమూడేళ్ల అలవాటు కొద్దీ, అతని కుడి మోచెయ్యి దానంతటదే పక్కకి ఆడింది.

వెనక ఊపిరి ఆగింది.

ఇన్నేళ్లలో ఆ దారిలో పారిపోయినవాళ్లున్నారు, ప్రార్థన చదివినవాళ్లున్నారు. 'రా, నీ వంతు' అని ఒడీల్‌ని పిలిచినవాడు లేడు.

చల్లగా ఏదో పక్కనుంచి దాటింది. పాతకాలపు కోటు, నీళ్లోడుతూ... ఇనప సైకిలు... దీపం లేదు. ముందుకొచ్చి, వంగి, తొక్కడం మొదలెట్టింది.

గాలి ఆగిపోయింది.

ఫిర్మిన్‌కి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అయినా, ఏం చెప్పమంటారు, తన ముందు చక్రాన్ని ఆ వెనక చక్రానికి జానెడు దూరంలోకి తెచ్చి చక్కగా సర్దుకున్నాడు. దెయ్యమైతేనేం, వీపు వెడల్పుగా ఉంది.

రెండో కిలోమీటరు. మూడోది సగం. అప్పుడు, ముందున్న మోచెయ్యి ఆడింది.

ఫిర్మిన్ చూశాడు. చూసి... తల దించుకుని గొలుసు వంక చూడసాగాడు.

మళ్లీ ఆడింది. ఫిర్మిన్ కళ్లు నులుముకున్నాడు.

మూడోసారీ ఆడింది. ఆ తల మెల్లగా... మెల్లగా వెనక్కి తిరగసాగింది. మొహం ఉండాల్సిన చోట...

"కంట్లో పురుగు పడిందండీ," అన్నాడు ఫిర్మిన్, గుసగుసగా.

తల మళ్లీ ముందుకి తిరిగింది. ఒక నిట్టూర్పు వినపడింది. మిగతా దారి కూడా ఆయనే లాగాడు.

కెఫే దీపాలు కనపడేసరికి ముందు ఎవరూ లేరు. ఫిర్మిన్ తలుపు తోసుకుని లోపలికొచ్చాడు.

"వచ్చేశా! ఒక్కణ్ణే!"

ఎవరో చప్పట్లు మొదలెట్టారు. రొసాన్ గ్లాసు దించి అతని మొహంలోకి చూసింది.

"ఎవడి వెనక వచ్చావురా?"

"ఎవడూ లేడక్కా, ఒట్టు—"

"అద్దంలో చూసుకో."

నుదుటి నుంచి గడ్డం దాకా బురద చుక్కలు. ముందు వెళ్లే సైకిలు చక్రం చిమ్మితేనే వెనకవాడి మొహానికి బురద అంటేది. ఒంటరిగా తొక్కేవాడికి పడితే వీపు మీద పడుతుంది. ఆ దేశంలో పాలు తాగే పిల్లలకీ తెలుసు ఆ సంగతి.

"ట్రాక్టరు వెనకా?"

"కాదెహె, పెళ్లి ఊరేగింపు వెనక!"

నవ్వులతో కెఫే ఊగిపోయింది. మూల నుంచి కమీల్ తాత కర్ర పట్టుకుని వచ్చాడు. ఫిర్మిన్ చెంప మీది బురద వేలితో తీసి, రెండు వేళ్ల మధ్య నలిపాడు.

"తడిగా ఉంది," అన్నాడు.

"బురద తడిగా కాక పొడిగా ఉంటుందా తాతా?" అంది రొసాన్.

"రెండు వారాలుగా చుక్క వాన లేదు తల్లీ. దారంతా దుమ్ము. మీ పదిమందికీ దుమ్మేగా పట్టింది?"

నవ్వులు ఆగాయి. ఒకరొకరుగా బూట్ల వంక చూసుకున్నారు.

తాత గొంతు తగ్గించాడు. "ముందుకొచ్చాడా?"

ఫిర్మిన్ తలూపాడు.

"మోచెయ్యి ఆడించాడా?"

"...మూడుసార్లు."

"మరి నువ్వు ముందుకెళ్లావా?"

ఫిర్మిన్ మళ్లీ కళ్లు నులుముకున్నాడు.

రొసాన్ కుర్చీలో కూలబడింది. దెయ్యం వచ్చినందుకు కాదు.

"ఓరి నీ దుంప తెగ! దెయ్యం దగ్గర కూడానా?"

జెర్సీ పోయింది. 'మూడు కిలోమీటర్లు గాలి మోసినవాడిదే జెర్సీ' అని క్లబ్బు తీర్పు. మర్నాడు రొసాన్ స్వయంగా దాన్ని తీసుకెళ్లి పంపుగది తలుపు గడియకి తగిలించి వచ్చింది. ఆ తర్వాతి రోజుకి అక్కడ లేదు.

"దొంగలక్కా," అన్నాడు ఫిర్మిన్.

"నవ్వే పందిని ఎవడు దొంగిలిస్తాడ్రా!" అన్నాడు తాత.

అయితే రావద్దని మాత్రం అతనితో ఎవరూ అనలేదు. తిట్టడానికి ఒకడుండాలిగా. ఫిర్మిన్ ఇప్పుడు మామూలు చొక్కాతో అందరికంటే చివర వస్తాడు.

రెండు ఆదివారాలు గడిచాయి. అదే దారి, అదే చీకటి, అదే ఎదురుగాలి. అందరికంటే ముందు తొక్కుతున్నది రొసాన్. పంపుగది దాటి రెండు కిలోమీటర్లయినా వంతు మారలేదు. ఎవరి మోచెయ్యీ ఆడలేదు. పైగా వరసంతా కబుర్లు చెప్పుకుంటూ దూసుకుపోతోంది. రొసాన్ అయితే ఈల వేస్తోంది. ఎదురుగాలిలో ఈల!

ఫిర్మిన్‌కి ఏదో తేడా కొట్టింది. ఉన్న బలమంతా పెట్టి, వరస పక్కనుంచి ఒక్కొక్కరినే దాటి, రొసాన్ పక్కకి చేరాడు.

ఆమె దీపం వెలుగులో, జానెడు ముందు... పసుపుపచ్చగా... నీళ్లోడుతూ... నవ్వే పంది.

"అక్కా..." ఫిర్మిన్ ముందుకి వేలు చూపించాడు. "ఆయన... మోచెయ్యి ఆడిస్తున్నాడు..."

రొసాన్ తలెత్తలేదు.

"నోర్మూసుకుని కిందకి చూసి తొక్కరా!"