ప్లగ్ పీకని పరీక్ష

"పన్నెండింటికి కరెంటు పోతుంది లక్ష్మీకాంత్. పోతే పోనీ. తిరిగి వచ్చిందంటే మాత్రం కొంప మునిగినట్టే." ఫోన్‌లో చీఫ్.

ప్రత్తిపాడు శివారు కోల్డ్ స్టోరేజీ ముందు, ఏసీ మెకానిక్ వేషంలో ఉన్న ఏజెంట్ లక్ష్మీకాంత్ టైం చూశాడు. పదకొండూ నలభై ఒకటి.

"లోపలి డేటాబేస్ సర్వర్‌లో డిస్కులను నడిపే కంట్రోలర్ కార్డు ఉంది. విదేశీ ముఠా దాని ఫర్మ్‌వేర్, అంటే లోపలి ప్రోగ్రామ్, మార్చేసింది. కరెంటు పోయి రాగానే ఆ కార్డు డిస్కులన్నీ తుడిచేస్తుంది. ఏ బస్తా ఏ రైతుదో చెప్పే రికార్డు ఇంకెక్కడా లేదు. నలభై వేల మంది మిర్చి అది. మన ఎగుమతి ఆగితే వాళ్ల సరుకు దింపుతారు."

"ఆ కార్డు ఎంపిక చేసిందెవరు సార్?"

"ఫైలు దొరకలేదు. ముందు దీన్ని ఆపు."

తెలిసిపోయిందేమోననే అడిగాడు లక్ష్మీకాంత్. ఎంపిక చేసింది అతనే.

మూడు నెలల క్రితం, పర్చేజ్ ఆఫీసర్ వేషంలో ఉండగా, టేబుల్ మీద రెండు కార్డులు. పద్ధతి తేలికే. డేటాబేస్ జోరుగా నడుస్తుండగా ప్లగ్ పీకాలి, మళ్లీ పెట్టి ఒక్కో రికార్డూ సరిచూడాలి. కార్డు కంపెనీ ప్రతినిధి జ్యోతిర్మయి మన ఇన్ఫార్మరే అని డిపార్ట్‌మెంట్ నమ్మకం. "నా కార్డుకి కూడా పరీక్షా? వాడరేవులో చేపల వేపుడు చల్లారిపోతుందండీ," అందామె. మన మహానుభావుడు సంతకం గీకేసి కారెక్కాడు. చేప బాగానే ఉందట.

లక్ష్మీకాంత్ చేతి వాచీలోని పరికరంతో సర్వర్ గది లాక్ తెరిచాడు. లోపల చీరాల చేనేత చీరలో జ్యోతిర్మయి, చేతిలో చిన్న పిస్టల్.

"ఆ ఫైలు నా దగ్గరుంది. మీరు వెనక్కి వెళ్లిపోతే దాన్ని తగలబెట్టేస్తాను. సంతకం ఎవరిదో ఎప్పటికీ తెలీదు."

నిజం చెప్పాలంటే, వెళ్లిపోదామనే అనుకున్నాడు. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. చేతిలోని ఏసీ గ్యాస్ డబ్బాతో ఆమె మణికట్టు మీదికి చల్లటి గ్యాస్ కొట్టాడు. ఆ చలికి పిస్టల్ జారిపడింది. అలికిడికి పరుగున వచ్చిన బస్తాలు కుట్టే అంకమ్మ, కిందపడ్డ పిస్టల్ చూసి, జ్యోతిర్మయి రెండు చేతులూ గోనెతాడుతో కట్టిపడేసింది.

"అంకమ్మగారూ, సుద్దముక్క ఉందా? నేను లాగే డిస్కు మీదల్లా నంబరు వెయ్యండి. వరస తప్పితే అన్నీ పోతాయి."

డేటాబేస్ ఆపి, ఒక్కో డిస్కే లాగుతున్నాడు. అంకమ్మ నంబర్లు వేస్తూ అడిగింది. "ఈ పాడు కార్డు కొన్నదెవరండీ?"

"నేనే."

"కాయ విరిచి గింజ చూడకుండా మా యార్డులో ఎవరూ బస్తా కొనరండీ. మా మిర్చి కూడా ఇందులోనే ఉంది."

పదకొండు డిస్కులు బయటికొచ్చాయి. చివరిదైన పన్నెండోది బిగిసింది. బలమంతా పెట్టి లాగాడు. అది చేతికి రావడమూ, లైట్లు ఆరిపోవడమూ ఒక్కసారే. రెండు నిమిషాలకు కరెంటు వచ్చింది. తుడవడానికి కార్డుకు ఒక్క డిస్కూ దొరకలేదు.

సాయంత్రం గుంటూరు ఆఫీసులో చీఫ్ భుజం తట్టాడు. "శభాష్. ముఠా అంతా దొరికింది. ఆ కార్డు ఎంచిన ద్రోహి ఒక్కడే మిగిలాడు."

జ్యోతిర్మయి బ్యాగులో దొరికిన ఫైలు లక్ష్మీకాంత్ తెరిచి, తన సంతకం పైకి కనిపించేలా చీఫ్ టేబుల్ మీద పెట్టాడు.

"ఇరవై ఏళ్ల సర్వీసులో," అన్నాడు చీఫ్, "ఇంటరాగేషన్‌కి నిందితుడు టైముకి రావడం ఇదే మొదటిసారి. కూర్చో."