మంటజాడ లేని మనిషి

వేటపాలెంలో ఆ ఉదయం అందరి గొంతుల్లోని పొరకాపరులూ కొత్త పాఠం నేర్చుకుంటున్నాయి. పాఠం దిగుతున్నంతసేపు మణికట్టు పట్టీ మసకగా ఉంటుందనీ, కంగారు పడవద్దనీ ముందురోజే ప్రకటన వచ్చింది. అందుకని ఎవరూ కంగారు పడలేదు. పాల కేంద్రం దగ్గర నిలబడ్డవాళ్ళు ఒకరి పట్టీ ఒకరు చూసుకుని, "నీది వచ్చిందా?", "వచ్చింది, పచ్చే" అనుకుంటూ ఇళ్ళకు వెళ్ళిపోయారు.

పొరకాపరి వెంట్రుక కన్నా సన్నని దారం. పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రతివారూ దాన్ని మింగుతారు. అది అన్ననాళం గోడకు అతుక్కుని, లోపలి పొర నుంచి రాలే కణాలను పట్టి, వాటిలోని అణుజాడలను చదువుతుంది. ఏ జన్యువు మూతబడింది, ఏది అదుపు తప్పింది, ఏ కణం ఇక చాలు అనుకోవడం మరిచిపోయింది అని రోజూ లెక్క కడుతుంది. లెక్క పట్టీ మీద రంగుగా కనిపిస్తుంది. పచ్చ అయితే ఎక్కడికైనా వెళ్ళవచ్చు. పసుపు అయితే వైద్యకేంద్రానికి దగ్గరలోనే బతకాలి. ఎరుపు కనిపిస్తే ఆ రోజే కేంద్రానికి చేరాలి. ఈ దారం వచ్చాక అన్ననాళపు క్యాన్సర్‌తో పోయినవాళ్ళ గురించి ముసలివాళ్ళ నోటే వినాలి. దానికి బదులుగా జనం రంగును బట్టి ఉద్యోగాలు వెతుక్కోవడం, జాతకం కన్నా ముందు రంగు అడగడం నేర్చుకున్నారు.

రిత్విక్ చెల్లెలి ఇంట్లో పెసరపప్పు పొంగలి తింటున్నాడు. అతని ఇల్లు రెండు వీధుల అవతలే అయినా పొద్దుటి తిండి ఎప్పుడూ ఇక్కడే. చార్వి చిన్న చిన్న ముద్దలు చేసుకుని, మధ్య మధ్య నీళ్ళు తాగుతూ తింటుంది. ఆమె అన్ననాళంలో పాత మచ్చ ఒకటి బిగుసుకుని ఉంది. పెద్ద ముద్ద దిగదు. రిత్విక్‌కు దిగుతుంది గానీ, చిన్నప్పుడు అమ్మ ఇద్దరికీ ఒకే గిన్నెలో మెత్తగా కలిపి పెట్టడంతో అతనికీ ఆ తీరే అలవాటైపోయింది.

వాళ్ళ నాన్నది అద్దకం పని. నూలు ఉడికించే కాస్టిక్ సోడా నీళ్ళు నిమ్మసోడా సీసాలో పోసి షెడ్డు గడప పక్కన పెట్టారు. అప్పుడు చార్వికి నాలుగేళ్ళు, రిత్విక్‌కు ఏడు. ఎండలో ఆడుకుని వచ్చిన పిల్లలిద్దరూ ఆ సీసా పక్కన ఏడుస్తూ కనిపించారు. ఇద్దరి పెదవులూ కాలి ఉన్నాయి. చార్వి నెత్తురు కక్కుతోంది. నలభై ఏళ్ళుగా ఆ సంగతి ఇంట్లో ఒకే మాటగా నిలిచిపోయింది: పిల్లలిద్దరూ తాగేశారు.

చిన్నతనంలో ఇలాంటి క్షారం తాగినవాళ్ళకు ఎప్పుడో, చాలా ఏళ్ళ తర్వాత, ఆ మచ్చలోంచే జబ్బు మొలిచే ప్రమాదం ఉంది. అందుకే ఇద్దరికీ పుట్టుమచ్చలాగా పసుపు రంగు. సముద్రంలో గాలిమరల మీద పనికి రిత్విక్ పరీక్ష నెగ్గాడు, కానీ పసుపువాళ్ళను ఒడ్డు దాటనివ్వరు. రామాపురం తీరంలో గాలిమరల రెక్కలు బాగుచేసే షెడ్డులో చేరాడు. ఇందుమతి అనే అమ్మాయి తనకు రంగుతో పనిలేదని చెప్పింది. "రేపు నాకేమన్నా అయితే నిన్నెవరు చూస్తారు?" అని అతనే తప్పుకున్నాడు.

"అన్నయ్యా, నీ పట్టీ చూడు," అంది చార్వి.

చూశాడు. పచ్చ. పట్టీ మీద చిన్న అక్షరాలు కదులుతున్నాయి: మీ పొరలో మంటజాడ లేదు. సాధారణ తరగతికి మార్చడమైనది.

"ఏందిది? పాఠం సరిగ్గా దిగినట్టు లేదు," అన్నాడు నవ్వుతూ.

"నాది కూడా మారుతోంది," అంది చార్వి. ఆమె గొంతులో సంతోషం వినిపించింది. మరుక్షణం ఆ గొంతు ఆగిపోయింది.

ఆమె పట్టీ ఎర్రగా వెలిగింది.

*

చీరాల వైద్యకేంద్రంలో డాక్టర్ మెహరున్నీసా ఆ అన్నాచెల్లెళ్ళను చాలాకాలంగా ఎరుగుదురు. ఇద్దరినీ కూర్చోబెట్టి, రిత్విక్ చూపుడు వేలి కొన మీద, కింది పెదవి మీద, నాలుక చివర చిన్న పలకను ఆనించి తీశారు. తర్వాత తెర తమవైపు తిప్పుకుని చదివారు.

"క్షారం తగిలినచోట పొర అడుగున ఉండే మూలకణాల్లో ఒక గుర్తు పడుతుంది. పైన మచ్చ మానినా ఆ గుర్తు చెరగదు. దాన్నే మంటజాడ అంటున్నాం. ఇవాళ్టి పాఠం దిగేదాకా పొరకాపరికి దాన్ని చదవడం చేతకాలేదు. రిత్విక్ గారూ, మీ వేలి మీద ఉంది. పెదవి మీద, నాలుక చివర ఉంది. అంతే. గొంతులో గానీ, దాని కింద గానీ ఎక్కడా లేదు."

"అంటే?"

"మీరు తాగలేదు."

"తాగానండీ," అన్నాడు రిత్విక్. "నాకు గుర్తుంది. లోపలంతా మండింది. ఇప్పటికీ తల్చుకుంటే మండుతుంది."

"అప్పట్లో మీకు లోపల కెమెరా వేసి చూశారా?"

"చెల్లికి వేశారు. నేను మింగగలుగుతున్నానని నాకు వెయ్యలేదు."

"పెద్దయ్యాక చూస్తే పొర శుభ్రంగా ఉంది. పైపైన కాలి మానిపోయిందనుకున్నాం. నేనూ అట్లాగే అనుకున్నాను," అన్నారు డాక్టర్.

చార్వి అడ్డొచ్చింది. "మరి నాకెందుకు ఎరుపొచ్చింది మేడం? నిన్నటికీ ఇవాళ్టికీ నా గొంతేం మారలేదు కదా?"

డాక్టర్ ఆమె వైపు తిరిగారు. ఈ మాట ఎలా చెప్పాలా అని వెతుక్కుంటున్నట్టు కనిపించారు.

"మామూలువాళ్ళ లెక్కను పొరకాపరి వేలమంది లెక్కలతో పోల్చి చూస్తుంది. చిన్నప్పుడు క్షారం తాగినవాళ్ళు ఇప్పుడు బహుకొద్దిమంది. అలాంటివాళ్ళకు తోడుకొలత, అంటే పోల్చడానికి వాళ్ళలాంటి మరో మనిషిని, వెతుకుతుంది. మీకు వెతకాల్సిన పని లేకపోయింది. ఒకే రక్తం, ఒకే సీసా, ఒకే రోజు. మీ అన్నయ్య పొర అంత చక్కగా మానిందంటే మీ కుటుంబానికి మానే గుణం ఉందని అది నమ్మింది. అయిదేళ్ళుగా మీ మచ్చ అంచున జబ్బు తాలూకు అణుజాడలు పెరుగుతున్నాయి. చూస్తూనే ఉంది. పాత మచ్చ అలజడే అని కొట్టేస్తూ వచ్చింది. ఇవాళ తోడుకొలత తప్పుకుంది. అయిదేళ్ళ లెక్కా ఒక్కసారిగా బయటపడింది."

రిత్విక్ ముందుకు వంగాడు. "అయిదేళ్ళ కిందటే తెలిసుంటే?"

"ఒక ముక్క పొర ఒలిచి ఇంటికి పంపేవాళ్ళం."

"ఇప్పుడు?"

"పొర మొత్తం మార్చాలి. జబ్బు పొర దాటి లోపలికి వెళ్ళలేదనే అనుకుంటున్నా. తీసి చూస్తే గానీ గట్టిగా చెప్పలేను."

మెహరున్నీసా తెర ఆపేశారు. రాష్ట్రమంతటా ఉదయం నుంచి ఇలాంటి పట్టీలు మారుతున్నాయని చెప్పారు. గుంతకల్లులో ఒక తల్లి కొడుకుతోపాటు తానూ తాగానని చెప్పిందట. పాలకొల్లులో ఇద్దరు స్నేహితురాళ్ళట. "ఈ పొరకాపరిని తయారుచేసినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. తాగినవాళ్ళు తాగలేదని అబద్ధం చెప్తారేమోనని ఎన్నో రకాలుగా జాగ్రత్త పడ్డాం. తాగనివాళ్ళు తాగామని చెప్తారని ఎవరికీ తట్టలేదు."

*

చార్వికి మంచం సిద్ధమయ్యేవరకు ఇద్దరూ వరండాలో బల్ల మీద కూర్చున్నారు. ఆమె భర్త నిషాంత్ గాలిమరల మీద పనిలో ఉన్నాడు; కబురు అందింది, పడవలో బయల్దేరాడు. రిత్విక్ తన చూపుడు వేలిని చూసుకుంటున్నాడు. దాని కొన మీది చర్మం చిన్నప్పటి నుంచీ నున్నగా, గీతలు లేకుండా ఉంటుంది. ఎందుకలా ఉందో అతనెప్పుడూ ఆలోచించలేదు.

"నీ నోరు తుడిచాను," అన్నాడు. "నా చొక్కాతో. అదేందో చూద్దామని వేలు నాలుక్కి తగిలించుకున్నా. ఆ తర్వాత ఆసుపత్రి గుమ్మం. ఒకామె ఉంది, తెల్ల చీర. తాగిన పిల్లని లోపలికి తీసుకురండి, ఆ పిల్లాణ్ణి బయట కూర్చోబెట్టండి అంది. నువ్వు నా చొక్కా పట్టుకుని వదల్లా. వేళ్ళు విడదీయబోయింది అమ్మ."

"అప్పుడు చెప్పావా?"

"చెప్పినట్టున్నా. నేను కూడా తాగా అని. లోపలికి రానిచ్చారు." అతను ఆగాడు. "నిజం చెప్తున్నా చారూ, ఈ పొద్దుటిదాకా నేను తాగాననే అనుకున్నా. ఆ మంట నేను ఊహించుకున్నది కాదు."

లోపలి నుంచి చార్విని పిలిచారు. లేచి, చెప్పులు విడిచి, అతని వైపు చూడకుండానే వెళ్ళింది.

*

ఆమె బుగ్గ లోపలి కణాలు తీసి, వాటినుంచి కొత్త పొరను పెంచారు. అది పెరిగేదాకా ఆమెను కేంద్రంలోనే ఉంచారు. పాత పొరను తీసి కొత్తది అతికించారు. తీసినదాన్ని చూస్తే జబ్బు అంచుదాకా వచ్చి ఆగి ఉంది. దాటలేదు. మెహరున్నీసా ఆ మాట చెప్పినప్పుడు నిషాంత్ గోడకు ఆనుకుని నేల మీదే కూర్చుండిపోయాడు. రిత్విక్ బయటికి నడిచి, ప్రహరీ దగ్గర నిలబడి, చాలాసేపటి తర్వాత తిరిగి వచ్చాడు.

చార్వి మాత్రం అన్నతో మాట్లాడలేదు. అతను రోజూ వచ్చేవాడు. ఆమె కిటికీ వైపు తిరిగి ఉండేది. గొంతు నొప్పి వల్ల అనుకున్నాడు మొదట. నర్సుతో మాట్లాడటం విన్నాక అది కాదని అర్థమైంది. అయినా రావడం మానలేదు.

ఇంటికి వచ్చిన కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం ఆమె ప్లేటు నిండా జంతికలు పెట్టుకుని వాకిట్లో కూర్చుంది. అతను గేటు దగ్గర ఆగిపోయాడు. ఆమె ఒకటి విరిచి, కరకరమని నమిలి, నీళ్ళు తాగకుండా మింగింది.

"రా, కూర్చో," అంది.

కూర్చున్నాడు.

"అయిదేళ్ళు ఆలస్యమైందని నాకు కోపం అనుకుంటన్నావా?"

"కాదా?"

"అదీ ఉంది. లేదనను. కానీ అది కాదు. ఇందుమతి వదినయ్యేది. నువ్వు సముద్రం మీద ఉండేవాడివి. అదంతా నా మూలంగా పోయింది. నేను అడగలా నిన్ను. నాలుగేళ్ళ పిల్ల చొక్కా పట్టుకుందని ఇంత చేస్తారా ఎవరన్నా?"

"నేను కావాలని చెయ్యలా చారూ. నిజంగానే తాగాననుకున్నా."

"తెలుసు. అందుకే కోపం ఎవరి మీద చూపించాలో తెలీక నీ మీద చూపించా." ఆమె ప్లేటు అతని వైపు జరిపింది. కళ్ళు తుడుచుకోలేదు. "నీ పట్టీ పచ్చగా మారి ఇన్నాళ్ళయింది. ఇంకా ఆ షెడ్డుకే పోతన్నావు. నన్ను చూడ్డానికి ఇంక ఎవరూ ఇక్కడ కాపలా ఉండక్కర్లా. మా ఆయనతో మాట్లాడాను. గాలిమరల మీద రెక్కలు బాగుచేసే మనిషి కావాలంట."

"ఈ వయసులోనా?"

"రంగు పచ్చగా ఉంటే వయసు అడగరంట."

అతను ఒక జంతిక తీసుకున్నాడు. అలవాటుగా నోట్లో నానబెట్టాడు. ఆమె చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి అతనికీ తెలిసి, నమిలాడు.

*

మొదటి వారం అతనికి సముద్రం మీద నిద్ర పట్టలేదు. రెండో వారానికి పట్టింది. ఒక ఉదయం మర మీద పని ముగించి దిగేసరికి నిషాంత్ రెండు గ్లాసులతో ఎదురొచ్చాడు. పొగలు వస్తున్నాయి.

"తాగు బావా. గాలికి చేతులు కొంకర్లు పోయుంటాయి."

రిత్విక్ గ్లాసు అందుకుని రెయిలింగు దగ్గరికి వెళ్ళాడు. చిన్నప్పటి నుంచి ఏదైనా పూర్తిగా చల్లారాకే తాగడం వాళ్ళిద్దరి పద్ధతి. కాలిన పొరకు వేడి పనికిరాదని అమ్మ చెప్పేది, తర్వాత డాక్టర్లు చెప్పారు. పట్టీ చూసుకున్నాడు. పచ్చ. ఒక గుక్క మింగేశాడు.

నాలుక నుంచి గుండెల దాకా సర్రున మండింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆసుపత్రి గుమ్మం, తెల్ల చీర, చొక్కా అంచున ఇరుక్కున్న చిన్న పిడికిలి ఒక్క క్షణంలో కదిలిపోయాయి. అతను రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు. మంట తగ్గింది. తగ్గిపోయే మంట అతనికి కొత్త.

అంతలో పట్టీ మోగింది. చార్వి.

"ఏం చేస్తన్నావన్నయ్యా?"

"టీ తాగుతున్నా."

"చల్లారిందా?"

"లేదు. మీ ఆయన వేడివేడిగా ఇచ్చాడు. తాగేశా. గొంతు కాలింది."

అవతల చిన్నగా నవ్వు వినిపించింది.

"ఊదుకుని తాగాలంట అన్నయ్యా. నాకూ మొన్ననే తెలిసింది."