సోబతీణ్ కటింగ్‌ల పదకొండో గొంతు

సోబతీణ్ కటింగ్ పేరెత్తితే మా దాజీ పేట్ల ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడుతరు.

వెనకట ఊళ్ళనుంచి మిల్లులకు పత్తి బేళ్ళు మోసే చిన్న రైలొకటి ఉండె. బండి ఎప్పుడో బందైంది. పట్టాలు పీకేసిండ్రు. మొన్నమొన్ననే ఆ కట్ట మీద ఎర్ర మొరం పోసి, రోలర్ తిప్పి, నడిచేటోళ్ళకు, సైకిల్ తొక్కేటోళ్ళకు బాట చేసిండ్రు. కిలోమీటరుకో రాయి, అక్కడక్కడ సిమెంటు బెంచీ. కుంభారి కాడ కొత్త కాలనీ వెనక నుంచే పోతది. మంచి బాట… నాలుగో రాయి దాక.

నాలుగో రాయి దాటితే కటింగ్. గుట్టను నడిమిట్ల చీల్చి రైలుకు దారి చేసిన చోటు. రెండు దిక్కులా నల్లరాయి గోడ. పట్టపగలు కూడా లోపల సల్లగుంటది.

సోబతీణ్ అంటే తోడొచ్చే ఆడమనిషి. పట్టాలు వేసే కాలంల, మొగనికి సద్ది పట్టుకొని పోతున్న ఒకామె మీద అక్కడ రాళ్ళు పడ్డయంట. అప్పటినుంచి చీకట్ల ఎవరు నడిచినా వెనక చేరుతదంట. కొట్టదు, తిట్టదు. ఊకెనే తోడు నడుస్తది. కాని బయటికొచ్చి లెక్క చూసుకుంటే — ఒకరు తక్కువుంటరు. ఆ ఒకరు ఆమెకు తోడుగ లోపలనే ఉండిపోతరంట.

ఈ ముచ్చట జరిగిన రోజు నేను అక్కడ లేను. లలిత చెప్పింది, పూనం చెప్పింది. ఇద్దరి మాట కలవనికాడ నేను లలితనే నమ్మిన. ఎందుకంటే అసలు టైముకు పూనం కండ్లు మూసుకొని ఉన్నది.

లలిత మా చిన్నమ్మ బిడ్డ, కుంభారి కాడి ఆ కొత్త కాలనీలనే ఉంటది. నలభై రెండేండ్లు. పెండ్లైన నాటినుంచి బీడీలు చేస్తది. ఒళ్ళో చాట పెట్టుకొని, నడుం వంచి, పొద్దంత కూర్చునే పని. నడుం పట్టేస్తుందని దవాఖానకు పోతే డాక్టరమ్మ గోళీలు రాయలేదు, "రోజూ నడువు" అన్నది. లలిత నడిచింది. ఆమెను చూసి పక్కింటి పూనం నడిచింది. రెండు నెలల్ల పదిమంది అయిండ్రు. అట్ల రోజూ కాలనీ చుట్టూ తిరిగి తిరిగి, ఒకనాడు లలిత అన్నది:

"ఎన్ని రోజులు గానుగెద్దు లెక్క తిరుగుదాం? ఒక్కసారి ట్రిప్పు పోదాం. రైలు బాట పట్టుకొని పాత స్టేషన్ దాక. తొమ్మిది కిలోమీటర్లు. వచ్చేటప్పుడు బస్సు."

ప్లాను ఆమెనే వేసింది. పాత క్యాలెండరు కాయితం వెనక గీతలు గీసి, ఏ రాయి కాడ ఆగాలె, ఎక్కడ నీళ్ళు తాగాలె, ఎవరెవరు వస్తున్నరు, అన్నీ రాసింది. రొట్టెలు పూనం, శేంగా చట్నీ, అంటే పల్లీల కారం, లలిత. సామాను మొత్తం ఆరతి సైకిల్ మీద. కాలనీల సైకిల్ నేర్చుకున్న కోడలు ఆరతి ఒక్కతే. కొత్తగ నేర్చింది, బ్రేకు వేస్తే పిల్లి అరిచినట్టు అరుస్తది.

తిప్పలు రెండు వచ్చినయి. మొదటిది కటింగ్.

"రోడ్డు మీదికెళ్ళి పోదాం అక్కా," అన్నది పూనం.

"రోడ్డు మీద లారీలు. ఆ బాట మీద చీమంత బండి కూడా రాదు. ఏది భయం, నువ్వే చెప్పు?"

"పోనీ తెల్లారినంక పోదాం."

"ఏప్రిల్ నెల పూనం! తొమ్మిదికల్ల నేల కాలుతది. నాలుగింటికి లేస్తేనే చల్లగ చేరుతం."

పూనం మొగడు వినాయక్ చానా సేపు ఆలోచించి ఒప్పుకున్నడు. "నిన్ను చూసి పంపుతున్న అక్కా," అన్నడు. ఆ మాట లలిత మనసుల పడ్డది.

రెండో తిప్పలు ఇంట్లనే. లలిత అత్త అంజమ్మ, డెబ్బై దాటిన మనిషి, కాయితం దిక్కు చూసుకుంట మెల్లగ అడిగింది:

"నన్ను గూడ రాసుకో బిడ్డా."

"నీ మోకాళ్ళతోని తొమ్మిది కిలోమీటర్లా? వద్దు అత్తమ్మా. మల్లెప్పుడన్న బండి మీద తీసుకపోత."

అంజమ్మ కత్తెర అందుకున్నది. బీడీ ఆకు కత్తిరించుకుంట కూర్చుంది.

ఐతారం పొద్దుగాల నాలుగింటికి బయలెల్లిండ్రు. ఆకాశం నిండ చుక్కలు. ఆరతి సైకిల్ ముందు పోయింది — కటింగ్ దాటినంక ఆగి ఉండమని లలిత చెప్పింది. నడిచేటోళ్ళు పదిమంది. మొదటి రాయి కాడ నవ్వులు, రెండో రాయి కాడ పాటలు. మూడో రాయి కాడ అత్తల ముచ్చట్లు.

నాలుగో రాయి కాడ… అందరి కాళ్ళు ఆగినయి.

ముందర నల్లగ నోరు తెరిచినట్టు కటింగ్. లోపలినుంచి సల్లటి గాలి వచ్చి మొఖాలకు తగిలింది.

"వినుండ్రి," అన్నది లలిత. "ఒకరి వెనక ఒకరు. నేను అందరికన్న ఆఖర్న ఉంట. లోపల నేను చెప్పినప్పుడు ఎవరి నంబరు వాళ్ళు గట్టిగ చెప్పాలె. ఎవరూ తప్పిపోరు, భయముండదు."

లోపలికి పోయిండ్రు.

మొరం మీద చెప్పుల చప్పుడు గోడలకు తగిలి రెండింతలై వస్తున్నది. పదిమంది నడుస్తుంటే ఇరవైమంది నడిచినట్టు. లలిత చేతుల టార్చి ఉన్నది గాని దాని వెలుగు పూనం వీపు దాక కూడా సక్కగ పోతలేదు. పైన రెండు గోడల నడుమ చుక్కలు కూడా సన్నగయినయి.

నడిమిట్లకు రాంగనే లలితకు ఎందుకో అనుమానం పట్టింది. తన వెనక ఇంకో అడుగు పడుతున్నది. తను ఆగితే… అదీ ఆగుతున్నది.

'గోడల చప్పుడే,' అనుకున్నది. గొంతు సవరించుకొని అన్నది — "చెప్పుండ్రి!"

"ఒకటి."

"రెండు."

"మూడు…"

గొంతులు ఒక్కొక్కటి దగ్గరికొస్తున్నయి. ఏడు. ఎనిమిది. ముందున్న పూనం వణుక్కుంట "తొమ్మిది" అన్నది.

లలిత "పది" అన్నది.

హమ్మయ్య అనుకున్నది.

అప్పుడు… ఆమె వెనకనుంచి, చెవికి దగ్గరగ, బొంగురు గొంతు మెల్లగ —

"పదకొండు."

ఆ మాట గోడలకు తగిలి అందరికీ వినబడ్డది. ఎవరు ముందు అరిచిండ్రో ఎవరికీ తెల్వదు. అందరూ ఒక్కసారే ఉరికిండ్రు. లలిత గూడ ఉరికింది. ఆ మాట ఆమెనే ఒప్పుకున్నది. "ప్లాను వేసింది నేను, ఆఖర్న ఉంటనన్నది నేను, కాళ్ళు మాత్రం నా మాట వినలే అన్నా," అని నాతో చెప్పి సిగ్గుపడ్డది.

కటింగ్ బయట ఆరతి సైకిల్ పట్టుకొని నిలబడి ఉన్నది. అందరు వచ్చి ఆమె మీద పడ్డరు. ఒకామె ఏడుస్తున్నది, ఒకామె హనుమంతున్ని తలుచుకుంటున్నది.

లలిత టార్చి ఒక్కొక్క మొఖం మీద వేసింది. ఒకటి, రెండు, మూడు… నడిచేటోళ్ళు తనతోని కలిపి తొమ్మిది.

మల్లా లెక్క పెట్టింది. తొమ్మిది.

"పూనం ఏది?"

అందరు కటింగ్ దిక్కు చూసిండ్రు. లోపల ఏ చప్పుడూ లేదు.

లలితకు వినాయక్ మాట యాదికొచ్చింది. నిన్ను చూసి పంపుతున్న అక్కా…   కొంగు నడుంకు చుట్టి గట్టిగ దోపుకున్నది.

"నేను పోత."

"వద్దక్కా!" అని నలుగురు పట్టుకున్నరు. ఆరతి మాత్రం "నేను గూడ వస్త" అన్నది.

"నువ్వు ఇక్కడనే ఉండి సైకిల్ గంట కొట్టుకుంట ఉండు. ఆపకు. ఎటు రావాలెనో నాకు తెలుస్తది."

ట్రింగ్… ట్రింగ్… ఆ చప్పుడు వెనక నుంచి వస్తుంటే లలిత ఒక్కతే లోపలికి పోయింది.

ఇరవై అడుగులు. ముప్పై. కాలికి ఏదో తగిలింది. టార్చి వేసి చూస్తే — పూనం చెప్పు. ఒక్కటే.

చెప్పు చేతుల పట్టుకొని ముందుకు నడిచింది.

అప్పుడు వినబడ్డది. ముందర చీకట్ల ఇద్దరు గుసగుసగ మాట్లాడుతున్నరు. ఒకటి బొంగురు గొంతు. ఇంకొకటి ఏడుపు గొంతు.

"ఇక్కడనా?"

"ఇక్కడ కాదమ్మా… ఇంకొంచెం కిందికి."

"ఇక్కడ?"

"ఆ… మెల్లగమ్మా… నాకు ఇద్దరు పిల్లలున్నరమ్మా, నన్ను ఇడిసిపెట్టు…"

లలిత టార్చి ఎత్తింది.

రాయికి ఆనుకొని పూనం కూర్చున్నది. కండ్లు గట్టిగ మూసుకొని, రెండు చేతులు జోడించి దండం పెడుతున్నది. ఆమె కాలు ఒళ్ళో పెట్టుకొని, తెల్లటి ఎంటికలు మొఖం మీద పడ్డ ఒక ముసలామె… మడమ దగ్గర బొటనవేలుతో ఒత్తుతున్నది.

ముసలామె తలెత్తకుంటనే అన్నది:

"టార్చి సక్కగ పట్టు. కండ్లల్ల కొడుతున్నది."

"అత్తమ్మా!"

"అరుస్తవెందుకు? ఈ పిల్ల కాలు మడతపడ్డది. అందరు దొమ్మిగ ఉరికితే ఇట్లనే ఐతది."

లలితకు నవ్వాలెనో ఏడ్వాలెనో తెలవలేదు. అక్కడనే మొరం మీద కూలబడ్డది.

"నువ్వు… ఎట్లొచ్చినవ్?"

"నడిచొచ్చిన. మీ ముచ్చట్లు వినుకుంట, మీ వెనకనే. పిలిస్తే ఇంటికి పంపుతవని పిలవలే. సగం బాట దాటినంక చెప్దమనుకున్న."

"మరి ఆ పదకొండు ఏంది?"

అంజమ్మ కొంగుతోని చెయ్యి తుడుచుకున్నది. "అందరు నంబరు చెప్పుడైతే, నేను ఊకుండాల్నా? నువ్వు కాయితం మీద రాసుకోలే. అందుకే నాది నేనే చెప్పుకున్న."

"మోకాళ్ళ నొప్పి?"

"అరవై ఏండ్లు కూర్చొని బీడీలు చేసిన. కూర్చుంటెనే నొప్పి. నడిస్తే ఏం నొప్పి బిడ్డా?"

ఇంత మాట్లాడినా పూనం మాత్రం కండ్లు తెరవలేదు. లలిత భుజం పట్టి కుదిపి, "ఇది మా అత్తమ్మనే, చూడు" అంటే, ఒక కన్ను సగం తెరిచి చూసింది. చూసినంక గట్టిగ ఏడ్చింది. భయానికి కాదంట — అంతసేపు దెయ్యం కాలు ఒత్తుతున్నదనుకొని మర్యాదగ మాట్లాడినందుకు.

ఇద్దరు చెరో దిక్కు పట్టుకొని పూనంను నడిపించుకుంట వచ్చిండ్రు. బయట ఆరతి గంట కొట్టుడు ఆపలే. ముగ్గురు బయటికి రాంగనే ఆడోళ్ళందరు కాసేపు నమ్మలేదు. అంజమ్మ పాదాల దిక్కు ఇద్దరు వంగి మరీ చూసిండ్రు, కాళ్ళు ముందుకే ఉన్నయా అని.

తరువాత నవ్వు మొదలైంది. ఆ నవ్వు ఆరో రాయి దాక ఆగలేదంట.

పూనంను సైకిల్ క్యారియర్ మీద కూర్చోబెట్టి, సామాను అందరు పంచుకున్నరు. తెల్లారేసరికి పాత స్టేషన్ చేరిండ్రు. కప్పులేని గోడలు, పక్కకు పెద్ద వేపచెట్టు, దాని కింద బెంచీ. కడక్ రొట్టెలు విరిచి చట్నీల అద్దుకొని తిన్నరు. అంజమ్మ బెంచీ మీద కూర్చోలేదు. ప్లాట్‌ఫారం ఈ కొసనుంచి ఆ కొసదాక నడిచి చూసొచ్చింది.

"నేను కొత్త కోడలిగ వచ్చినప్పుడు ఈ బండి నడుస్తుండె," అన్నది. "మిల్లు కాడ నిలబడి చూస్తుంటి. ఎక్కుదాం, ఎక్కుదాం అనుకున్న. బీడీల పని తెగలే, పిల్లలు పెరిగిండ్రు. బండే బందైంది."

లలిత లేచి అత్త పక్కకు పోయి నిలబడ్డది. తప్పైంది అనలేదు. క్యాలెండరు కాయితం తీసి, అందరి పేర్ల కింద అంజమ్మ పేరు రాసి చూపించింది. ముసలామెకు చదువు రాదు గాని, అక్షరాల మీద వేలు పెట్టి తడిమింది.

అప్పుడు ఫోన్ మోగింది. లలిత మొగడు వెంకటేశ్. సాంచల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, రాత్రి పాళీ పని చేసి వచ్చి, అమ్మ మంచం ఖాళీగ చూసిండు.

"లలితా! అమ్మ కనబడ్తలే! కాలనీ మొత్తం తిరిగిన! జోడ్‌భావి పేట్ల అక్కకు గూడ ఫోన్ చేసిన, అక్కడా పోలే!"

గొంతుల ఏడుపు. లలిత ఫోన్ అత్తకు ఇచ్చింది. అంజమ్మ నోట్ల రొట్టె నములుకుంటనే అన్నది:

"ఏందిరా?"

"అమ్మా! యాడున్నవ్?"

"స్టేషన్ల."

"స్టేషనా! ఏ స్టేషన్? ఎటు పోతున్నవే అమ్మా?"

అంజమ్మ ఎర్ర బాట దిక్కు చూసింది. అది స్టేషన్ దాటి, కోసిన జొన్న చేన్ల నడుమ నుంచి సక్కగ పోతున్నది.

"ఇయ్యాల ఇక్కడి దాకనే," అన్నది. "వచ్చే ఐతారం ఇంకా ముందుకు పోతం. నువ్వు పోయి పండుకో."

ఫోన్ లలిత చేతుల పెట్టి, ఇంకో రొట్టె అడిగింది.