ముత్యాలమ్మకు మొక్కిన పెట్ట

కోడి కాళ్లయినా చూడకుండా ఒక ఆడమనిషిని దొంగను చేసిన గూడెం పెద్దలారా, ఈ కేసులో మొదటి ముద్దాయిలు మీరే.

దుర్గ ఖమ్మంలో ప్రైవేటు డిటెక్టివ్ సునంద ఆఫీసు మెట్లెక్కింది. అసిస్టెంటు వీరబాబు మంచినీళ్లిచ్చాడు. దుర్గ చెప్పింది ఇదీ. వాళ్లది బూర్గంపాడు దాటాక అడవి అంచు గూడెం. పక్కింటి కన్నమ్మ మిరపకాయలు ఏరడానికి బోనకల్ పోతూ, ముత్యాలమ్మకు మొక్కిన నల్ల పెట్టను దుర్గకు అప్పజెప్పింది. పంట అయిపోయాక తిరిగొచ్చి చూస్తే గంప కింద పుంజు ఉంది. మొక్కు పెట్టను అమ్ముకుని పుంజును పెట్టిందని కన్నమ్మ పంచాయితీ పెట్టించింది. పెట్టను తెచ్చేదాకా దుర్గను కూలి ముఠాలో చేర్చుకోవద్దని పెద్దమనిషి పగిడయ్య తీర్పు చెప్పాడు. ముఠా లేకపోతే ఆమెకు కూలి లేదు. కూలి లేకపోతే పొయ్యి వెలగదు.

పెట్టను ఎవరు మార్చి ఉంటారని సునంద అడిగింది. దుర్గ తల దించుకుంది. ఒక్కరి మీదా అనుమానం చెప్పలేదు. నింద పడ్డ మనిషి ఇంకొకరి పేరు చెప్పకపోవడం సునందకు వింతగా తోచింది.

సునంద గూడేనికి వెళ్లి అడిగితే కన్నమ్మ గట్టిగానే సమాధానాలిచ్చింది. అందరి కోళ్లూ కలిసే మేస్తాయి. ఎవరివో తెలియడానికి పిల్లప్పుడే ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో వేలి కొస కత్తిరిస్తారు. కన్నమ్మ గుర్తు ఎడమ కాలి బయటి వేలు.

“ఈ పుంజు కాలు చూసినవా?”

“పుంజు కాలు నేనెందుకు చూస్త మేడం? పోయింది పెట్టాయె.”

సునంద పుంజును వదలమంది. అది వాకిలి దాటి నేరుగా కన్నమ్మ చూరు కిందికి పోయి, పగిలిన కుండలోని గడ్డిలో కూర్చుంది. ఆ పెట్ట గుడ్లు పెట్టేది ఆ కుండలోనే.

వీరబాబు చెవిలో అన్నాడు, పుంజు కన్నమ్మదేనని, పెట్టను ఆమే దాచిందని. సునంద నవ్వి, అందరినీ పగిడయ్య వాకిట్లోకి పిలవమంది.

అక్కడ సునంద పుంజు ఎడమ కాలు ఎత్తి చూపింది. బయటి వేలికి కొస లేదు. గాయం ఎప్పుడో మానిపోయి తోలు గట్టిపడింది.

“ఇది కొత్తగా కోసింది కాదు. పెట్టను ఎవరూ మార్చలేదు. ఇదే ఆ పెట్ట. దుర్గా, ఇప్పుడు చెప్పు.”

దుర్గ నోరు విప్పింది. పెట్టకు జబ్బు చేసింది, గుడ్లు ఆగాయి, ఈకలు రాలి కొత్తవి వచ్చాయి, నెత్తి మీది జుట్టు ఎర్రగా పెరిగింది, ఒకనాడు కూసింది.

“పెట్ట కూస్తే ఊరికి అరిష్టమంటరు. దొంగనంటే ఊళ్లెనన్నా ఉండనిస్తరు. గా మాట తెలిస్తే ఎల్లగొడ్తరనుకున్న. కూలి లేక బతకలేక, నేను దొంగను కాదని మీరన్నా తేలుస్తరని వచ్చిన.”

అరిష్టం కాదు, అండాశయం అంది సునంద. పిండంలో మొదట ఉండేది అండాశయంగానైనా వృషణంగానైనా మారగల మొగ్గ. దాన్ని అండాశయం వైపు నడిపేవి జన్యువులు. పెట్టలో ఎడమవైపుదే పెరుగుతుంది, కుడివైపుది నిద్రపోతుంది. జబ్బుతో ఎడమది పాడైతే ఆడ హార్మోన్ తగ్గి పుంజు ఈకలు వస్తాయి. కుడివైపుది మేల్కొని వృషణంలా మారితే జుట్టు పెరుగుతుంది, కూత వస్తుంది. అరుదుగా జరుగుతుంది, కానీ జరుగుతుంది. అయినా దాని కణకణంలో జన్యువులు మాత్రం పెట్టవే.

“మరి అమ్మకు నేను పెట్టను మొక్కిన. గిప్పుడు దీన్ని ఏమని కొయ్యాలె?” అంది కన్నమ్మ.

“కొయ్యకే. గింత కష్టపడ్డదాన్ని అమ్మ కూడ వద్దంటది” అన్నాడు పగిడయ్య. వాకిలంతా నవ్వింది. దుర్గ కూడా నవ్వింది.

సునంద నవ్వలేదు. “నవ్వుడైంది. తీర్పు ఇంకా అట్లనే ఉంది పగిడయ్యా. అందరి ముందట చెప్పినవు, అందరి ముందటే వాపసు తీసుకో. కన్నమ్మా, నువ్వు దుర్గ ఇంటికి పోయి తప్పైందని చెప్పు. రేపు తల్లాడ పోయే ముఠా ఆటోలో ఆమెకు సీటుండాలె. పదండి, ఇప్పుడే.”