గంట మీద అడ్డగీత

ఆ ఆస్పత్రిలో రోజుకి పదిసార్లు చచ్చి, సాయంత్రానికి నిక్షేపంగా ఉండేవాడు ఒక్కడే. మూడో అంతస్తు శిక్షణ గదిలో మంచం మీద పడుకుని ఉండే రబ్బరు బొమ్మ. నర్సులు వాణ్ణి తాతయ్య అంటారు. తాతయ్యకి నాడి కొట్టుకుంటుంది, ఛాతీ లేస్తుంది, రెప్పలు పడతాయి. పక్కనున్న అద్దాల గదిలోంచి ఎవరైనా మైకులో మాట్లాడితే వాడి గొంతులోంచి మూలుగు వస్తుంది. కొత్తగా చేరినవాళ్ళు సూదులు గుచ్చడం, గుండె నొక్కడం వాడి మీద నేర్చుకున్నాకే మనుషుల జోలికి వెళ్తారు.

మధ్యాహ్నం రెండింటికి తూనీగ ఆ గదిలోకి వచ్చింది. కాలు ఒకచోట నిలవదని వార్డులో ఆమెకి పెట్టిన పేరు అది. నెల్లాళ్ళుగా ఆ కాలికి పని లేకుండా కూర్చోబెట్టారు. ఈ పరీక్ష గట్టెక్కితే రేపు ఐసీయూలో డ్యూటీ. తప్పితే ఇంటికే.

పరీక్ష పెట్టేది సొంత వదిన.

"మొదలెడదామా వదినా?"

"వదిన ఇంట్లో ఉంది. ఇక్కడ మేడం."

"అలాగే మేడంగారూ. ఇంట్లో వేయగా మిగిలిన మార్కులు ఇక్కడ వేయండి."

"నీ నోటికి పరీక్ష లేదు. చేతులు చూపించు."

కిటికీ లేని గది. రబ్బరు వాసన, స్పిరిట్ వాసన, ఏసీ రొద. వదిన చేతిలో ట్యాబ్ పట్టుకుని తాతయ్య కాళ్ళ దగ్గర నిలబడింది. అద్దాల గది ఖాళీ. మైకు బల్లమీద బోర్లా పడి ఉంది.

నెల కిందట ఐసీయూలో నాలుగో పడక మీద ఒక బస్సు కండక్టరు పోయాడు. రిటైరై పదేళ్ళయినా అలవాటు పోలేదు. మాట్లాడే ఓపిక లేక ఈలతోనే పని కానిచ్చేవాడు. ఒక్క ఈల వేస్తే ఆపమని. రెండు వేస్తే కానివ్వమని. సూది తీసుకుని తూనీగ దగ్గరికి వెళ్తే ఒక్కటి వేసి, ఆమె మొహం చూసి నవ్వి, రెండు వేసేవాడు.

ఆ రోజు ఆయన ఛాతీకి అంటించిన వైరు చెమటకి ఊడిపోతూ, మానిటర్ ఊరికే మోగుతూ ఉంది. గంట బొమ్మ ఉన్న మీట నొక్కితే మానిటర్ రెండు నిమిషాలు నోరు మూస్తుంది. తెర మీది గంటకి అడ్డగీత పడుతుంది. ఆ లోపు వైరు మార్చాలి. తూనీగ మార్చలేదు. మోగినప్పుడల్లా పక్క పడక దగ్గర్నుంచే చెయ్యి చాచి నొక్కింది. నాలుగుసార్లు. ఐదోసారి మోగింది వైరు వల్ల కాదు. ఆమె తల తిప్పకుండానే నొక్కింది.

విచారణలో మాత్రం "గంట మోగలేదండీ" అంది. మిషన్ పాతది, అందరూ నమ్మారు. మిషన్లు చూసుకునే మెకానిక్‌ని పక్కన పెట్టారు. అతని ఉద్యోగం ఉంచాలో ఊడగొట్టాలో రేపు పొద్దున తేలుస్తారు.

వదిన ట్యాబ్ మీద వేలు ఆనించింది. తాతయ్య మానిటర్ గయ్యిమని మోగింది.

తూనీగ చెయ్యి దానంతటదే లేచింది. తాతయ్య మొహం వంక చూడలేదు. నాడి పట్టుకోలేదు. మీట నొక్కింది. గంటకి అడ్డగీత పడింది.

ఆ నిశ్శబ్దంలో... తాతయ్య రబ్బరు పెదాల మధ్య నుంచి ఈల.

ఒక్కటే. పొడుగ్గా.

తూనీగ అద్దాల గది వైపు చూసింది. ఎవరూ లేరు. మైకు అలాగే బోర్లా ఉంది.

"ఏంటలా చూస్తావ్? లోపల గాలిబుడగ లీకవుతోంది. పని చూడు," అంది వదిన.

తూనీగ పని చూసింది. నొక్కింది, ఊపిరి పోసింది, లెక్కపెట్టింది. ఒక్క పొరపాటు లేదు. తాతయ్య బతికాడు. వదిన ప్లగ్గు పీకి, తలుపేసి, ఎదురుగా కుర్చీ లాక్కుంది. పరీక్ష తర్వాత ఏం చేశామో, ఎందుకు చేశామో మాట్లాడుకోవడం అక్కడి పద్ధతి.

"మొట్టమొదట మీట మీదికి పోయింది నీ చెయ్యి. మనిషి మీదికి కాదు."

"అలవాటులో..."

"అదే అడుగుతున్నా. ఆ రోజు కూడా అలవాటేనా?"

తూనీగ చేతి తొడుగులు ఒక్కో వేలే లాగి విప్పసాగింది.

"ఆ మెకానిక్ మిషన్ విప్పి ముప్పైసార్లు చూశాడు. ముప్పైసార్లూ మోగింది. ఇప్పుడు చెప్పు, నీతోపాటు నేనొస్తా సూపరింటెండెంట్ దగ్గరికి. ఆ రోజు గంట మోగిందా?"

నిజం చెబితే రేపు డ్యూటీ లేదు. ఎల్లుండీ లేదు. ఇక ఎప్పుడూ ఉండదు.

"మోగలేదు," అంది తూనీగ.

వదిన ఆమెని అసహ్యంగా చూసి కాగితం మీద సంతకం గీకింది. "చేతులకి పాస్. మనిషికి మార్కులు వేసే గడి ఇందులో లేదు."

తూనీగ కాగితం తీసుకుని లేచింది. ప్లగ్గు పీకిన తాతయ్య రెప్పలు... మెల్లగా పడ్డాయి.

మర్నాడు పదింటికి మెకానిక్‌ని తీసేశారు. రెండింటికి తూనీగ ఐసీయూలో ఉంది. ఎనిమిది పడకలు, ఏడుగురు మనుషులు. నాలుగోది ఖాళీ. కొత్త దుప్పటి, వైర్లు లేని మానిటర్, నల్లటి తెర. తోటి నర్సు ఒక పేషెంటుని స్కానింగ్‌కి తీసుకెళ్ళింది. ఆరుగురు మిగిలారు. అందరూ నిద్రలో ఉన్నారు.

మందులు తీద్దామని గోడవైపు తిరిగింది. బీరువా అద్దంలో వెనకున్న తెరలు కనపడుతున్నాయి.

ఆరు తెరల మీదా గంట బొమ్మలు. అన్నిటికీ అడ్డగీతలు.

గిరుక్కున తిరిగింది. ఒక్క గీతా లేదు. ఎవరూ మంచాల దగ్గరికి రాలేదు. కొత్త మెకానిక్‌ని పిలిచింది. అతను ఒక్కో మానిటర్నీ మోగించి చూశాడు. అన్నీ మోగాయి.

"బానే ఉన్నాయి సిస్టర్."

అతను వెళ్ళాడు. తలుపు మూసుకుంది.

తూనీగ వార్డు మధ్యలో నిలబడింది. ఎదురుగా మూడు తెరలు, మామూలుగా. వీపు వెనక మూడు. మెడ తిప్పి అద్దంలో చూసింది... అక్కడ గీతలు. ఇటు తిరిగింది. గీతలు అటు మారాయి. ఎటు చూస్తే అటు లేవు. చూడని వైపు ఉన్నాయి.

ఆమెకి ఉన్నవి రెండు కళ్ళు. డ్యూటీ ఎనిమిదింటిదాకా.

వెనక ఎవరిదో మడమ దుప్పటి మీద రాసుకున్న చప్పుడు... ఒకసారి... ఇంకోసారి. ఊపిరి అందనివాళ్ళు అలా మడమలు రాస్తారు. గంట మోగలేదు. తూనీగ తిరిగింది. ఆ చప్పుడు ఆగింది. ఇప్పుడు మళ్ళీ వెనకే... వేరే మంచం మీద.

ఖాళీగా ఉన్న నాలుగో పడక మీంచి ఈల వినిపించింది. ఒక్కటి. ఆగు అన్నట్టు. తూనీగ ప్రాణం లేచొచ్చింది.

దాని వెనకే, తీరిగ్గా, రెండోది.