తిన్నగా చూడకూడనిది

ఈ సంగతి నాకు చెప్పినవారు మా వీధి చివర పశువుల ఆసుపత్రిలో పనిచేసే డాక్టరుగారు. నా భార్య పోయిన కొన్నాళ్ళకు పలకరించడానికి వచ్చి, చీకటి పడేదాకా కూర్చుని, గొంతు పెంచకుండా చెప్పారు. ఆ వరసలోనే రాస్తున్నాను.

వారి బావగారిది కళ్ళజోళ్ళ దుకాణం. నిలువెత్తును మించిన టెలిస్కోపును మేడ మీద స్వయంగా కట్టుకున్నారు. దాని అద్దాన్ని ఆయనా, ఆయన భార్య అయిన డాక్టరుగారి అక్కా ఏళ్ళ తరబడి అరగదీసి తయారుచేశారు. ఆయన వెతికేవి గ్రహ నీహారికలు; ఆరిపోతున్న నక్షత్రం తన చుట్టూ వదిలిన పలచని పొగలాంటివి. నడినెత్తికి గురిపెడితే, కన్ను ఆనించే గొట్టం అందడానికి ఇనుప నిచ్చెన ఎక్కాలి. కింద దాన్ని రెండు చేతులా పట్టుకునేది ఆవిడే. ఆవిడ జబ్బుచేసి పోయాక కూడా ఆయన చూడటం మానలేదు. ఒక్కరే నిచ్చెన ఎక్కుతున్నారని విని, పడిపోతారేమోనన్న భయంతో డాక్టరుగారు వెళ్ళారు.

మేడంతా చీకటి. మంచుకు తడిసిన సిమెంటు వాసన. చీకటికి అలవాటుపడ్డ కళ్ళు చెడిపోతాయని బావగారు టార్చి వెయ్యనివ్వరు.

"ముందు నువ్వెక్కు. కనపడిందా?"

"ఏమీ లేదు బావా."

"తిన్నగా చూస్తే మాయమవుతుందోయ్. కాస్త పక్కకి చూడు. గేదెల పళ్ళు చూసే కళ్ళాయె, అలవాటవ్వాలి మరి."

పక్కకి చూశారు. బూడిదరంగు ఉంగరమొకటి, ఊపిరంత పలచగా తేలింది.

తరువాత బావగారు ఎక్కారు.

"నిచ్చెన పట్టుకోనా?"

"అక్కర్లేదు." గొట్టానికి కన్ను ఆనించి, గుసగుసగా, "పట్టుకునే ఉంది."

డాక్టరుగారు గొట్టం వైపే చూస్తూ నిలబడ్డారు... కంటి కొసన, నిచ్చెన మొదట్లో, ఎవరో వంగి ఉన్నారు. భుజాన శాలువా. అక్క నిలబడే తీరే... తిరిగి చూస్తే ఎవరూ లేరు. మళ్ళీ చూపు పక్కకు తిప్పితే... ఉంది. తల దించుకుని ఉంది.

ఒక్కసారి మొహం చూడాలనిపించింది ఆ తమ్ముడికి. టార్చి వేశారు.

ఎవరూ లేరు. నిచ్చెన నిండా మంచు. రెండు కడ్డీల మీదా వేళ్ళు ఆనిన చోట్లు మాత్రం పొడిగా ఉన్నాయి. చూస్తుండగానే... ఒక్కొక్క వేలిగుర్తే... తడిసి చెరిగిపోయింది.

నిచ్చెన వణికింది.

"వదిలేసిందిరా," అన్నారు బావగారు పైనుంచి. తిట్టలేదు. "ఇక నువ్వే పట్టుకో. దిగుతాను."

ఆ తరువాత ఆయన మేడెక్కలేదు. చలికాలం వెళ్ళకుండానే నిద్రలో పోయారు. టెలిస్కోపును ఒక కళాశాలవారు తీసుకువెళ్ళారు. నిచ్చెన డాక్టరుగారింట్లో ఉంది. అక్క ఆయనకు మళ్ళీ కనిపించలేదు.

ఇదంతా చెప్పినంతసేపూ డాక్టరుగారి చూపు నా మొహం మీదే ఉంది. నా ఎడమపక్కన, నా భార్య కూర్చునే పేము కుర్చీ వైపు ఒక్కసారైనా తిప్పలేదు. ఆయన లేవగానే నేను దీపం వెయ్యబోయాను. నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"అప్పుడే వద్దండి," అన్నారు మెల్లగా.

ఆయన వెళ్ళిపోయారు. కుర్చీలో పేము కిర్రుమంది... నేనటు తిరగలేదు.