తెర మీద తప్పు తేదీ

"దగ్గు రికార్డింగులో పడుతోందమ్మా! ఎన్నిసార్లు చెప్పాలి? అమ్మమ్మ మంచం వెనకగదిలో వేద్దాం."

"ఆ గదిలో గాలాడదురా. ఆవిడకి అసలే ఆయాసం."

"అయితే నా పని మానుకోమంటావా?"

వారంగా నడుస్తున్న గొడవే. ఆ ఉదయం మాత్రం గొంతులు మరీ లేచాయి.

ముందుగదిలో కంప్యూటర్ బూట్ కావడంలేదు. విడిభాగాలు తెచ్చి కొడుకు స్వయంగా బిగించి, లినక్స్‌ను, దాని గుండెలాంటి కెర్నల్‌తో సహా, తనకు కావలసినట్టు తానే కట్టుకున్న మిషన్ అది. చూపులేని పిల్లల కోసం అతను చదివి రికార్డు చేసిన పాఠాలన్నీ అందులోనే ఉన్నాయి. సాయంత్రం అయిదింటికి అప్పజెప్పాలి. లేకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది.

తల్లి ఫోన్ చేస్తే ఆమె చెల్లెలు వచ్చింది. సైబర్ క్రైమ్ ఇన్‌స్పెక్టర్.

"ఇది కేసే పిన్నీ. దీని పనే!" తన చెల్లెలి వైపు వేలు చూపించాడు అతను. "నీ డబ్బా తగలడిపోతే పీడా విరగడవుతుందని నిన్న నా మొహం మీదే అంది."

"అన్నాను. అంటే తగలడిపోతుందా?" అంది చెల్లెలు.

ముట్టుకోలేదని మాత్రం అనలేదు. పిన్ని అది గమనించింది.

"రాత్రి సరిగ్గానే ఆపావా?"

"ఆపాను."

"పొద్దున?"

"నల్లటి తెర. రూట్ ఫైల్ సిస్టమ్ దొరకలేదని ఒక లైను. అంతే, బిగుసుకుపోయింది. బోర్డు సెటప్‌లో డిస్క్ కనబడుతోంది, కెర్నల్‌కి మాత్రం కనబడదు. అంటే లోపలిదంతా ఎవరో చెరిపేశారు. ఇక తుడిచేసి మళ్ళీ ఎక్కించడమే."

"చెయ్యి తియ్యి. శవాన్ని తగలేశాక పోస్ట్‌మార్టమ్ ఎవరు చేస్తారు?"

పిన్ని కుర్చీ లాక్కుంది. సెటప్ తెరిచింది. ఆమె చూపు తెర పైమూలన ఆగింది.

జనవరి ఒకటి. తొమ్మిదేళ్ళ కిందటిది.

"అక్కా, రాత్రి కరెంటు పోయిందా?"

"లేదే."

పిన్ని వంటింట్లోకి తొంగిచూసింది. కరెంటు పోతే మొదటికొచ్చే ఓవెన్ గడియారం సరిగ్గానే నడుస్తోంది. కరెంటు పోయింది ఇంటికి కాదు. ఈ ఒక్క మిషన్‌కి.

ముందుగది గోడకు ప్లగ్గు ఒక్కటే. పక్కనే అమ్మమ్మ మంచం. స్టూలు మీద ఆయాసానికి మందు పీల్చే నెబ్యులైజర్. మాస్కులో నీటిచుక్కలు ఇంకా ఆరలేదు.

"ఏమే, తెల్లవారుజామున అమ్మమ్మకి ఆయాసం వచ్చిందా?"

చెల్లెలు తల దించుకుంది.

"ఊపిరందలేదు పిన్నీ. మిషన్ ప్లగ్గు పీకి నెబ్యులైజర్‌ది పెట్టాను. తర్వాత మళ్ళీ ఎప్పట్లాగే పెట్టేశాను. చెబితే అన్నయ్య 'చూశారా, అందుకే మంచం మార్చాలన్నాను' అంటాడని..."

"ప్లగ్గు పీకితేనే పాడైపోతుందా?" తల్లి గాభరాగా అడిగింది.

"పాడవదక్కా. లోపల చిన్న బిళ్ళ బ్యాటరీ ఉంటుంది. గోడ కరెంటు లేనప్పుడు సెట్టింగులన్నీ గుర్తుంచుకునేది అదే. అది ఎప్పుడో చచ్చింది. ప్లగ్గు ఎన్నడూ తియ్యలేదు కాబట్టి బయటపడలేదు. ఇవాళ తీశారు. బోర్డు అన్నీ మరిచిపోయింది. డిస్క్‌తో మాట్లాడే పద్ధతి, అదే డిస్క్ మోడ్, మారిపోయింది." పిన్ని అతని వైపు తిరిగింది. "ఈ మోడ్‌కి కావలసిన డ్రైవర్ నీ కెర్నల్‌లో ఏదిరా?"



"తీసేశాను పిన్నీ. తేలిగ్గా ఉంటుందని, అక్కర్లేనివన్నీ..."

మాట మధ్యలో ఆగింది. చూపు మంచం మీదికి పోయింది.

వంటింటి కాటాలోని బ్యాటరీ ఊడదీసి మిషన్‌లో వేశారు. పిన్ని మోడ్ మార్చింది. ఎంటర్ నొక్కింది.

తెర నల్లగానే ఉంది. ఒక లైను. ఇంకోటి. ఆ తర్వాత వరసగా పరుగులు.

పాఠాలన్నీ భద్రంగా ఉన్నాయి. అయిదు కాకముందే చేరవలసిన చోటికి చేరాయి.

రాత్రి భోజనాల దగ్గర అమ్మమ్మకి దగ్గు తెర వచ్చింది. అతను లేచి మంచినీళ్ళ గ్లాసు అందించాడు. వచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

"ఆదివారం మిషన్ వెనకగదిలోకి మారుస్తున్నాను," అన్నాడు కంచంలోంచి తలెత్తకుండానే. "మంచం ఇక్కడే ఉంటుంది."

"ఆ గదిలో గాలాడదురా," అంది అమ్మమ్మ.

"మిషన్‌కి లోపలే ఫ్యానుంది అమ్మమ్మా."